దారి హక్కు

ఇల్లు కొనే ముందు మా లాయరు పిన్ని పత్రాలన్నీ ఓపిగ్గా చదివి, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే ఏదో మెలిక ఉందన్నమాటే.

"అంతా శుభ్రంగా ఉంది. ఒక్కటే సంగతి. ఇంటి పక్కన సందు ఉందే, ఆ స్థలం మీదే. కానీ అందులోంచి రోడ్డు మీదికి నడిచే హక్కు వెనకింటి వాళ్ళది."

"వెనకింట్లో ఎవరూ లేరుగా పిన్నిగారూ! అక్కడుండే ముసలావిడ పోయి చాలా కాలమైందట," అన్నాడు మా ఆయన.

"దారి హక్కు మనిషిది కాదు బాబూ, ఇంటిది. మనిషి పోయినా ఇల్లున్నంత కాలం ఉంటుంది. సందు మాత్రం మూయకు. మూశావంటే ఏ వారసుడో ఊడిపడి కోర్టుకీడుస్తాడు."

మా ఆయన బుద్ధిగా తలూపాడు. ఆయన తలూపడానికీ మాట వినడానికీ ఏనాడూ సంబంధం లేదు.

ఇంట్లో చేరాక అత్తయ్య మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. ఎడమ కాలు ఈడ్చుకుంటూ హాలు దాటి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఆవిడకి నరకంగా ఉండేది. ఆవిడ గది సందు పక్కనే. అందుకని మా ఆయన సందుకి అటూ ఇటూ గోడలు కట్టించి, పైన కప్పు వేయించి, దాన్ని బాత్రూమ్ చేశాడు. గది గోడకి తలుపు పెట్టించాడు. తల్లి కోసం చేసిన పని. నేను మాత్రం ఎలా వద్దంటాను?

"ఇదిగో కోడలు పిల్లా, ఇక నాది మహారాణి బతుకు. మంచం దిగితే స్నానాల గది!" అని అత్తయ్య తెగ సంబరపడింది.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు.

ముందు వాసన వచ్చింది. మూసి ఉంచిన గదిలో తడి బట్టలు మగ్గిన వాసన. దాని అడుగున నీలగిరి తైలం ఘాటు. ఫినాయిల్ పోసి కడిగించాను. పోయినట్టే పోయి, పొద్దు వాలే వేళకి మళ్ళీ వచ్చేది. తర్వాత చప్పుడు. బాత్రూమ్ అవతలి గోడ దగ్గర మొదలై ఇవతలి గోడ దాకా ఎవరో వట్టి కాళ్ళతో నడుస్తున్నట్టు... అక్కడ ఆగిపోయేది. కాసేపటికి గోడని అరచేత్తో తడిమిన చప్పుడు.

"పైపులో గాలి," అన్నాడు మా ఆయన. ప్లంబరు వచ్చి చూసి పైపులు బాగానే ఉన్నాయన్నాడు. "అయితే ఎలకలు," అన్నాడు ఈయన.

ఒకరోజు టీ తీసుకెళ్తే అత్తయ్య మంచం మీద కూర్చుని నవ్వుతోంది.

"నీ మొగుడి ఎలక మాట్లాడిందే ఇవాళ. బాత్రూమ్ తలుపు వెనక నిలబడి దారి అడిగింది. ఆడమనిషి గొంతే. పాపం, ఎంత మర్యాదగా అడిగిందనీ! సరే అమ్మా, ఇలా నా గదిలోంచి వెళ్ళు అన్నాను."

నిద్రలో కలవరించి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను కానీ, మనసు ఊరుకోలేదు. ఎదురింటి టైలరు దగ్గరికెళ్ళి ఆ ముసలావిడ సంగతి అడిగాను. ఆయన మిషన్ తొక్కడం ఆపేశాడు.

"మీకు చెప్పలేదా అమ్మా? మీకంటే ముందు ఉన్నాయన ఆవిడతో గొడవపడి సందు గేటుకి తాళం వేశాడు. వేసి ఊరెళ్ళాడు. ఆవిడకి జబ్బు ముదిరింది. ఆస్పత్రికి పోదామని బయల్దేరి గేటు దాకా వచ్చింది. తాళం పగలగొట్టేసరికి... గేటు చువ్వలు పట్టుకుని నిలబడే ఉందమ్మా. నిలబడే పోయింది."

ఇంటికొచ్చి పిన్నికి ఫోన్ చేశాను. దెయ్యాలూ గియ్యాలూ అంటే పడీపడీ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

"మీ అత్తగారు సరేనందా? నోటితో ఒప్పుకున్నా ఒప్పుకున్నట్టేనే. ముందు ఆ గోడ కొట్టించు," అంది మెల్లిగా.

మా ఆయనతో సాయంత్రం మాట్లాడదామనుకున్నాను. ఆ సాయంత్రమే వాన మొదలైంది.

మామూలు వాన కాదు. కిటికీలు దడదడలాడాయి. చీకటి పడకముందే కరెంటు పోయింది. వీధి తలుపు గడియ పెట్టి, కొవ్వొత్తి వెలిగించి అత్తయ్య మంచం దగ్గర కూర్చున్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

నీలగిరి తైలం వాసన గుప్పుమంది.

బాత్రూమ్‌లో అడుగులు. ఈసారి గోడ దగ్గర ఆగలేదు. తలుపు వైపు తిరిగాయి. గొళ్ళెం దానంతటదే పైకి లేచింది... మెల్లిగా, చేతకాని వేళ్ళు లేపినట్టు. కొవ్వొత్తి మంట వంగింది. ఆరిపోయింది.

నేను అత్తయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది.

తడి పాదాలు నా పక్కనుంచే నడిచాయి. చెమ్మగాలి నా మోకాళ్ళకి తగిలింది. గది దాటాయి. హాల్లోకి వెళ్ళాయి. వీధి తలుపు దగ్గర ఆగాయి.

టక్... టక్... టక్...

లోపలి నుంచి. మా తలుపుని లోపలి నుంచి ఎవరో కొడుతున్నారు.

"ఏమిటా కొట్టడం? గడియ తియ్యి! నేను తడిసిపోతున్నా!" బయట మా ఆయన గొంతు.

తలుపు తీయకపోతే అది మళ్ళీ వెనక్కి వస్తుంది... ఈ గదిలోకే. ఆ ఆలోచనే నన్ను లేపింది. గోడ పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. తలుపు ముందు ఎవరూ కనబడలేదు. కానీ గడియ మీద చెయ్యి వేసినప్పుడు నా మెడ మీద ఊపిరి తగిలింది. ఓపిగ్గా... ఎదురుచూస్తున్న ఊపిరి.

గడియ తీశాను. కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి మా ఆయన గుమ్మానికి ఓ పక్కకి జరిగి, గొడుగు పట్టుకుని గేటు వైపే చూస్తున్నాడు.

"ఈ వానలో అమ్మనెందుకు బయటికి పంపావు? పిలుస్తుంటే వెనక్కి తిరగదేం?"

"అత్తయ్య... గదిలో ఉందిగా..."

ఇద్దరం పరిగెత్తాం. అత్తయ్య మసక చీకట్లో మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని మమ్మల్ని మార్చి మార్చి చూసింది.

"తలుపు తీశారా? మంచి పని చేశారు," అంది.

టార్చి తీసుకుని బయటికెళ్ళాం. గుమ్మం నుంచి గేటు దాకా బురదలో వట్టి కాళ్ళ అడుగులున్నాయి. ఎడమ కాలు ఈడ్చిన గీత కూడా ఉంది. అన్నీ వెళ్ళిన అడుగులే. మా ఆయన గేటు దగ్గర నిలబడి, "అమ్మా!" అని రోడ్డు మీదికి కేకేశాడు. ఒకటికి రెండుసార్లు. తర్వాత ఇంటి వైపు తిరిగి చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను.

వాన తెరిపిచ్చిన రోజునే గోడలు కొట్టించేశాం. సందు మళ్ళీ సందైంది. వాసన పోయింది. అడుగుల చప్పుడు లేదు. పిన్ని వచ్చి చూసి, "ఇప్పుడు చట్టం దృష్టిలో మీకే ఇబ్బందీ లేదు," అంది. అత్తయ్యని పలకరించడానికి గదిలోకి వెళ్ళి, వెంటనే బయటికొచ్చేసింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

అత్తయ్య బాగానే ఉంది. మోకాళ్ళ నొప్పుల మాటే ఎత్తదు. రోజూ సందులో అటూ ఇటూ తిరిగొస్తుంది. కాకపోతే ఒక్కటే... బయటికెళ్ళి వచ్చిన ప్రతిసారీ గుమ్మం అవతల ఆగిపోతుంది. లోపలికి రమ్మని ఎవరో ఒకరు పిలవాలి. పిలిస్తేనే అడుగు పెడుతుంది. మా ఆయన ఎప్పుడో పిలవడం మానేశాడు. నేనే పిలుస్తున్నాను.

నిన్న వంటపనిలో పడి మర్చిపోయాను. చాలాసేపటికి గుర్తొచ్చి తలుపు తీస్తే, గుమ్మం అవతల కుండపోత వానలో అలాగే నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది.

భుజాల మీది శాలువా పొడిగా ఉంది.