తాళం తీసిన ఊపిరి

అన్యాయం జరిగింది ఎవరికి? కనకవల్లికి. ఎలా జరిగింది? అంగారకుడి మీద ప్రతి మనిషి ఛాతీకీ కట్టి ఉండే శ్వాసయంత్రాన్ని నడిపే ‘ముంగిలి’ అనే నిర్వాహక వ్యవస్థను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ఆమె రాసి అందరికీ ఉచితంగా విడిచిపెట్టింది. సుధీంద్ర దానికి తాళం వేసి, ఆమె పేరు చెరిపి, తన సంస్థ సొత్తుగా అమ్ముకున్నాడు. తన యంత్రాన్ని తానే బాగుచేసుకున్నదన్న నేరానికి ఆమె ఊపిరినీ ఆపించాడు.

ముప్పయ్యేళ్ల తరువాత ఆ సంస్థ మూతపడింది. తాళాలకు అనుమతులిచ్చే కేంద్రం ఆగిపోయింది. కాలనీలో యంత్రాలు ఒక్కొక్కటిగా మందగించసాగాయి. తాళం తన యజమానిని కూడా గుర్తుపట్టలేదు. సుధీంద్ర పెదవులు నీలంగా మారాయి.

చిప్ పట్టుకుని అతని ఎదుట నిలుచున్నది మార్గరెట్, కనకవల్లి శిష్యురాలు.

“ఇందులో ముంగిలి ఉందండి. ముందు పాతదాన్ని చెరపకుండా చిప్ నుంచే నడిపి చూద్దాం. కుదిరితే లోపల ఎక్కిద్దాం.”

“నాకోసం ఇందులో ఏం దాచిందమ్మా ఆవిడ?”

“దాచడానికి ఇందులో తలుపులే లేవండి. చదువుకోండి.”

చిప్ తగిలించగానే గాలి ఆడింది. అతడు పంక్తి పంక్తీ వెదికాడు. ఉచ్చు దొరకలేదు. దొరకనందుకే భయం ఇనుమడించింది. ఆమె స్థానంలో తానుంటే పెట్టకుండా ఉండేవాడు కాడు.

“ఇలాగే ఉంచెయ్యి తల్లీ.”

“కరెంటు ఒక్కసారి పోయి వస్తే ఇదంతా చెదిరిపోతుందండి. ఎక్కించాల్సిందే. పాతది చెరిగి కొత్తది లేచేదాకా యంత్రం ఆగుతుంది. అంతసేపూ నేను చేతిపంపుతో గాలి కొడతాను.”

“నువ్వా? చంపేస్తావా?”

“చంపడానికి ఇంత శ్రమ దేనికండీ? ఊరుకుంటే సరిపోదూ?”

తెర మీద ఒకే ఒక షరతు వెలిగింది: దీన్ని తీసుకున్నవారు దీనితో చేసినదేదీ ఇతరులకు మూయరాదు. కాలనీ తాళాలన్నిటికీ మూలమైన తాళంచెవి సుధీంద్ర యంత్రంలోనే ఉంది; షరతు ఒప్పుకుంటే అదీ అందరి యంత్రాలకూ చేరిపోతుంది. గోడకవతల ఎవరో ఎగశ్వాసతో మూలుగుతున్నారు. అయినా అతని వేలు గాలిలోనే ఆగింది. ఊపిరి పోతున్నా పట్టు పోలేదు.

“అదీ ఇచ్చేస్తే నాకేం మిగులుతుంది?”

“ఊపిరండి. అందరితోపాటు.”

షరతు మీదికి వేలు దించాడు. యంత్రం ఆగింది. చేతిపంపు మీద మార్గరెట్ పిడికిలి బిగిసింది, విడింది, మళ్లీ బిగిసింది. ఉన్నట్టుండి ఆ చెయ్యి కదలడం మానేసింది. సుధీంద్ర గుడ్లు తేలవేశాడు.

“ఆ రోజు ఆవిడకు ఇలాగే ఉండింది,” అన్నది మార్గరెట్ మెల్లగా. తరువాత పిడికిలి బిగించింది.

కాసేపటికి యంత్రం తనంత తానే ఊపిరి అందుకుంది. గోడకవతల ఒకటి వెంట ఒకటిగా యంత్రాలు లేచిన చప్పుడు కాలనీ అంతటా పాకింది. తెర మీద మొదటి పంక్తి వచ్చింది: రచన, కనకవల్లి.

సుధీంద్ర ఆ పేరును పైకి చదివాడు, ఆమె ఇచ్చిన గాలితోనే. అతడు ఆమెకు పడ్డ బాకీ ఆ క్షణాన పూర్తిగా తీరింది.