చిన్న సైజు సైకిలు

పొద్దున్నే మాస్టరు ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో తడివేలితో తాకి చూస్తుంటే కూతురు ఫోను తెచ్చి అతని ముక్కు కింద పెట్టింది. తెరమీద నల్లటి సైకిలు, లావుపాటి టైర్లు, ముందు రెండు స్ప్రింగులు. పక్కన ఎర్రటి పెద్ద అక్షరాల్లో తగ్గింపు ధర.

“నాన్నా, నేను చెప్పింది ఇదే. ఆదివారం దాకే ఈ రేటు.”

“వాళ్ళు ప్రతి ఆదివారం అదే మాట అంటారు.”

వీధిలో అందరికీ అతను మాస్టరే. ముందుగది కుట్టుషాపు, వెనకగదులు ఇల్లు. ఏ బట్ట చేతికిచ్చినా ముందు తిరగేయడం అతని అలవాటు. పైకి ఎంత మెరిసినా సరే, లోపలి కుట్టు చూడందే ఒక్క మాట చెప్పడు. రెడీమేడ్ దుకాణాలవాళ్ళు అతను గుమ్మం ఎక్కుతుంటేనే మొహం చిట్లిస్తారని చెప్పుకుంటారు. అదీ అతనికి కొంచెం గర్వమే.

“ఇంత తక్కువకి గేర్లు, స్ప్రింగులు, డిస్కు బ్రేకులు అన్నీ ఎలా ఇస్తారే? ఎక్కడో కోత పెట్టే ఉంటారు. ఆ స్ప్రింగులు ఉత్తి అలంకారం. లోపల జేబు లేకుండా పైన జేబుమూత కుట్టినట్టు.”

“స్ప్రింగులు లేకపోయినా పర్లేదు. గేర్లు కావాలి. మామూలు సైకిల్ ఆ మిట్ట ఎక్కదు.”

“మిట్ట ఎక్కడం దేనికి? తిన్నగా మెయిన్ రోడ్డుంది. బస్సెక్కితే స్కూలు గేటు దగ్గరే దింపుతాడు కదా.”

కూతురు ఏదో అనబోయి ఆగింది. ఇంతలో వెనకగదిలోంచి మాస్టరు అక్క గొంతు వినిపించింది.

“నడిచే దూరానికి సైకిలట, సైకిలు దూరానికి బస్సట. రేపు బస్సు దూరానికి ఏమడుగుతుందో కనుక్కోరా.”

“అత్తా, నీ సూదిలో దారం ఎక్కించేది నేనే. కాస్త చూసి మాట్లాడు.”

“విన్నావా, బెదిరిస్తోంది బొంగరం.”

ఆ పేరు తల్లి పెట్టింది. ఒక్కచోట నిలవని పిల్ల కాబట్టి బొంగరం. తల్లి ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసేది. సాయంత్రాలు షాపులో ఆడవాళ్ళకి కొలతలు తీసేది, పిల్లల బట్టలకి కొలత అట్టలు కత్తిరించేది. కొన్ని నెలలు మెయిన్ రోడ్డు మీది ఆస్పత్రిలో ఉండి, అక్కడే పోయింది. అప్పుడు పది రోజులుండి వెళ్తానని వచ్చిన మాస్టరు అక్క రెండేళ్ళయినా వెళ్ళలేదు. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఆవిడా ఆ ఊసెత్తలేదు.

“సరేలే నాన్నా, వద్దులే,” అంది బొంగరం. ఫోను జేబులో పెట్టుకుని, స్కూలు సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

మాస్టరు చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. తల్లి ఉన్నప్పుడు ఈ పిల్ల ఏదైనా కావాలంటే మూడు రోజులు అలిగేది, అన్నం మానేసేది, ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు ఒక్కసారి కాదంటే చాలు, వద్దులే అనేస్తోంది. పిల్ల బుద్ధిమంతురాలైందని వీధిలో అందరూ మెచ్చుకుంటున్నారు. అతనికి మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. వద్దులే అనడం ఈ పిల్లకి తనే నేర్పాడని అతనికి తెలుసు.

మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసి సైకిలు షాపుకి బయల్దేరాడు. మెయిన్ రోడ్డున వెళ్తే దగ్గరే. కానీ ఎండగా ఉందని, రద్దీగా ఉంటుందని తనకు తానే చెప్పుకుని వెనక సందులన్నీ చుట్టి వెళ్ళాడు.

సైకిళ్ళాయన చేతుల గ్రీజు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. మాస్టరు నమస్కారం పెట్టి, ఆ నల్ల సైకిలు ఏదో కనుక్కుని, ఆయన అడ్డుపడేలోగా దాన్ని తలకిందులుగా నిలబెట్టాడు. గొట్టాలు అతికిన చోటల్లా గోటితో గీశాడు, వేళ్ళతో తడిమాడు. కుట్టుపని తెలిసినవాడికి అతుకు ఎక్కడైనా అతుకే. చక్రం తిప్పి, ఒక కన్ను మూసి అది ఊగుతోందేమో చూశాడు. లోపం పట్టుకుందామనే వచ్చాడు కానీ ఒక్కటీ దొరకలేదు.

“ఏమయ్యా, ఇది కొనదగ్గదేనా? అమ్మేవాడిలా కాకుండా చెప్పు.”

“ఉన్నమాట చెప్తా మాస్టారూ. కొండల్లో ఎగిరి దూకించడానికి ఇది పనికిరాదు. బరువెక్కువ, స్ప్రింగులు పేరుకే. కానీ అతుకులు గట్టివి, చక్రాలు నమ్మొచ్చు. బ్రేకులు అప్పుడప్పుడు నా దగ్గర బిగించుకుంటే చాలు, స్కూలు పిల్లలకి ఈ ధరలో ఇంతకంటే మంచిది దొరకదు. మీరు రెండు సంగతులు చెప్పండి. ఏ దారిలో తొక్కుతుంది? కాలు లోపలి కొలతెంత? ఇందులో రెండు సైజులున్నాయి.”

“దారిదేముంది, మెయిన్ రోడ్డే. కొలత ఇరవై ఆరు అంగుళాలు.”

“అయితే చిన్న సైజు సరిపోతుంది. ఎందుకైనా మంచిది, పిల్లని ఒకసారి తీసుకురండి. ఎక్కించి చూద్దాం.”

“భలేవాడివే. ఊరందరి కొలతలూ నోటికి చెప్తాను. నా కూతురి కొలత నాకు తెలీదా?”

సైకిళ్ళాయన నవ్వి చిన్న సైజుది తీశాడు. డబ్బు తీసుకుని టైర్లలో గాలి కొట్టి ఇచ్చాడు. మాస్టరు మళ్ళీ ఆ సందులన్నీ చుట్టి, సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాడు. చాన్నాళ్ళ తర్వాత అతనికి సాయంత్రం ఎప్పుడవుతుందా అనిపించింది.

బొంగరం స్కూలు నుంచి వచ్చి గుమ్మం ముందు సైకిలు చూసి అలాగే నిలబడిపోయింది. సంచీ కింద పడేసి తండ్రి నడుం చుట్టూ రెండు చేతులూ వేసేసింది. ఎక్కడ చూడాలో తెలీక అతను పక్కింటి గోడ కేసి చూశాడు. తల్లి పోయినప్పటి నుంచి అతను కూతురి మొహంలోకి తిన్నగా చూడటం మానేశాడు. ఆ మొహం రోజురోజుకీ తల్లి మొహమే అయిపోతోంది.

“ఊఁ, ఎక్కు. చూద్దాం.”

ఎక్కింది. నాలుగు తొక్కులు తొక్కిందో లేదో మోకాళ్ళు హ్యాండిలుకి తగిలాయి. ఒంగి తప్పించుకోబోతే ప్యాంటు అంచు గొలుసులో చిక్కుకుని పర్రున చిరిగింది. పిల్లా సైకిలూ పక్కకి ఒరిగిపోయారు. అత్తయ్య పరుగెత్తుకొచ్చి లేవదీసింది.

“సీటు పైకి జరుపుతానుండు,” అని మాస్టరు జరిగినంతా జరిపాడు. మళ్ళీ ఎక్కినా అదే తంతు.

“తిన్నగా కూర్చోవే. కొలత ప్రకారమే కొన్నాను.”

“ఎవరి కొలత నాన్నా?” అంది బొంగరం మెల్లగా.

అతనికి కోపం వచ్చింది. పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న సంతోషం అంతా నడివీధిలో ఒలికిపోయిందనిపించింది.

“మంచికి పోతే ఇదీ వరస. ముందా ప్యాంటు మార్చుకుని ఇటివ్వు. కుట్టి పెడతాను.”

“వద్దు. నేను కుట్టుకుంటాలే.”

“నేనుండగా నువ్వు కుట్టుకోవడమేంటి? నలుగురూ వింటే నవ్వుతారు. తే.”

పిల్ల లోపలికెళ్ళి లంగా వేసుకొచ్చింది కానీ ప్యాంటు ఇవ్వలేదు, వెనక దాచుకుని నిలబడింది. అతను చెయ్యి చాపాడు. ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. “ఇచ్చెయ్యవే, వాడి పని వాడు చేసుకోనీ,” అంటూ అత్తయ్య తీసి అందించింది. మాస్టరు దాన్ని బల్లమీద పరిచి, చిరిగింది ఎంతో చూద్దామని అలవాటు కొద్దీ తిరగేశాడు.

అంచు లోపల వేరే గుడ్డపట్టీ కుట్టి ఉంది. అతను వదిలిన మడతంతా ఎప్పుడో విప్పేసి, కాలు పొడుగు పెంచి, లోపల ఆ పట్టీతో అంచు కట్టారు. నడుము పట్టీ దగ్గర, చొక్కా కప్పే చోట, మరో రెండు అతుకులున్నాయి. మొదటి అతుకు కుట్లు వంకరటింకరగా ఉన్నాయి, దారం రంగు కూడా కలవలేదు. రెండోది కాస్త నయం. అంచు లోపలి పట్టీ అయితే ఎవరైనా మెచ్చుకునేంత సన్నగా ఉంది. కుట్టు చివర రెండు ముడులున్నాయి. అతను ఒక్క ముడే వేస్తాడు. రెండు ముడులు వేసేది ఈ ఇంట్లో బొంగరం ఒక్కతే.

మాస్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచే ఇది?”

“పోయినేడాది నుంచి.”

“పొట్టయిపోయిందని నాతో చెప్పొచ్చు కదా.”

బొంగరం గోడకున్న మేకు వైపు చూసింది. అక్కడ తన పేరిట ఒక అట్ట వేలాడుతోంది. తల్లి ఆఖరుసారి కత్తిరించిన ప్యాంటు అట్ట. అంచులు మాసిపోయినా మాస్టరు ఇప్పటికీ దాన్నే గుడ్డమీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, మడతకి కాస్త ఎక్కువ వదిలి కత్తిరిస్తాడు.

“అది అమ్మ కత్తిరించింది కదా,” అంది. “దాన్ని పెట్టి గీసేటప్పుడు నువ్వు చాలాసేపు గీస్తావు. నాకది సరిపోవట్లేదంటే దాన్ని తీసేయాల్సొస్తుంది. తీసేస్తే నువ్వేమైపోతావోనని...”

అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టరు ఆ అట్ట కేసి చూశాడు. ఇన్నాళ్ళూ పిల్లని తను సాకుతున్నాననుకున్నాడు. ఆ పిల్లే తనని సాకుతోందని ఇప్పుడు తెలిసింది.

“ఇంకేం చెప్పలేదు నాకు?”

బొంగరం లంగా అంచు వేలికి చుట్టుకుంది.

“నేను బస్సెక్కట్లేదు నాన్నా. మిట్ట మీంచి నడిచి వెళ్తున్నా. బస్సు ఆస్పత్రి ముందు ఆగుతుంది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, ఎంతకీ కదలదు. కిటికీలోంచి అమ్మ ఉన్న గది కనిపిస్తుంది. కళ్ళు మూసుకున్నా అక్కడే ఉన్నామని తెలిసిపోతుంది. అందుకే గేర్లున్నది అడిగాను. నడిస్తే రోజూ మొదటి క్లాసు పోతోంది.”

సైకిళ్ళాయన అడిగిన రెండు సంగతులూ మాస్టరుకి గుర్తొచ్చాయి. దారెటు అన్నాడు, కొలతెంత అన్నాడు. రెండిటికీ తను తడుముకోకుండా జవాబు చెప్పాడు. రెండూ తప్పే. సైకిలుని తలకిందులు చేసి మరీ చూసినవాడు, ఇంట్లో పిల్ల ఏ దారిన పోతోందో చూసుకోలేదు.

“నేనూ అంతేనే,” అన్నాడు. “దారం రీళ్ళకి ఎప్పుడూ వెళ్ళే దుకాణం మానేసి అంత దూరం ఎందుకెళ్తున్నానో తెలుసా? అది ఆస్పత్రి పక్కన ఉంది. ఇవాళ నీ సైకిలు కూడా సందుల్లోంచే తెచ్చాను.”

బొంగరం వచ్చి అతని పక్కన నేలమీద కూర్చుని మోకాలి మీద తల పెట్టింది. పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తుంటే అతను ఆపలేదు, తనూ ఆగలేదు. అక్క ఇద్దరినీ చూస్తూ కాసేపు నిలబడి, “నా సూదిలో దారం ఇక ఎవరూ ఎక్కించకపోయినా పర్లేదురా,” అని ఏదో అర్థంలేని మాట అని, తనూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు సెలవు. సైకిలు మార్చుకురావడానికి తండ్రీకూతుళ్ళు బయల్దేరారు. వీధి చివర బొంగరం అలవాటుగా మిట్ట వైపు తిరిగింది, మాస్టరు కాళ్ళు సందు వైపు మళ్ళాయి. ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు.

“ఇవాళ తిన్నగా వెళ్దామా?” అన్నాడు. “ఇద్దరం ఉన్నాం కదా.”

ఆమె హ్యాండిలు పట్టుకుంది, అతను సీటు పట్టుకున్నాడు. ఆస్పత్రి గేటు దగ్గర ఎవరో పళ్ళు కొంటున్నారు, ఎవరో రిక్షా బేరమాడుతున్నారు. ఇద్దరూ తలెత్తి ఆ గది కిటికీ చూశారు. లోపల తెలియనివాళ్ళు ఎవరో తడితువ్వాలు ఆరేశారు. బొంగరం చెయ్యి హ్యాండిలు మీంచి వచ్చి సీటు మీదున్న తండ్రి చేతిని పట్టుకుంది. అలా కాసేపు నిలబడి, మళ్ళీ కదిలారు.

సైకిళ్ళాయన గీతలు పడిన చిన్న సైకిలుని చూసి, పిల్లని చూసి నవ్వాడు. “చెప్పానా మాస్టారూ,” అని గొణిగి, పెద్దది బయటికి తీశాడు. “ఇంతకీ ఏ దారమ్మా?”

మాస్టరు కూతురి వైపు చూశాడు.

“రెండు దారులూ,” అంది బొంగరం కాస్త ఆలోచించి. “ఎటు వెళ్ళగలిగితే అటు.”

“మరి కొలత?”

మాస్టరు మెళ్ళోంచి టేపు తీశాడు. షాపు మధ్యలో, నలుగురి ముందూ కూతురి పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టేపు కొస ఆమె చేతికిచ్చి కాలు పైన పట్టుకోమని, రెండో కొస మడమ దాకా లాగి అంకె చూశాడు. కళ్ళు చెమర్చి కనిపించలేదు. తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇరవై తొమ్మిదిన్నర.

భార్య ఉద్యోగపు ప్యాంట్లన్నీ అతనే కుట్టాడు. పెళ్ళయిన కొత్తల్లో ఒక్కసారి కొలిచాడు, మళ్ళీ కొలవాల్సిన అవసరం రాలేదు.

“ఎంత నాన్నా?”

అతను తలెత్తి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి, కూతురి మొహంలోకి తిన్నగా చూశాడు.

“మీ అమ్మ కొలతేనే,” అన్నాడు.