కళ్లలో వెలుగు చుక్క

అందరూ ముఖం చూసి మనిషిని గుర్తుపడతారు. ఈ ఫొటోగ్రాఫరు మాత్రం ఫొటోలో కంటిపాపలు చూసి, అది ఏ లైటు కింద తీశారో చెప్పేస్తాడు. లైటుకి గొడుగు తగిలిస్తే కళ్లలో ఊచలున్న మెరుపు పడుతుంది. సాఫ్ట్‌బాక్స్ అనే నలుచదరపు గుడ్డపెట్టె తగిలిస్తే బుల్లి కిటికీ పడుతుంది. ఎనిమిది మూలల పెద్ద గుడ్డపెట్టె పెడితే నిండు చందమామే. ఆ మెరుపుని అతను 'చుక్క' అంటాడు. చుక్క పడని ఫొటో ఎంత బాగున్నా పక్కన పడేస్తాడు. "చుక్క లేకపోతే అది శవానికి తీసిన ఫొటోరా బాబూ" అని తోటివాళ్లని ఆటపట్టించడం అతనికి మహా సరదా. నోటికి హద్దుండాలని పెద్దలు ఊరికే అనలేదు.

ఇంటి కింది వాటాయే స్టూడియో. కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల చీకటే. లైటు వెలిగితే వేడెక్కిన దుమ్ము వాసన, ఆరితే ఎక్కడో గోడ వెనక నీళ్ల పైపు చప్పుడు.

ఆవేళ స్టూలు మీద కూర్చున్నది అతని భార్య. ఈమధ్యే ఆపరేషన్ బల్ల మీద ఆమె గుండె ఆగిపోయింది. డాక్టర్లు నానా తంటాలు పడి మళ్లీ కొట్టుకునేలా చేశారు. ఇంటికొచ్చింది. తింటోంది, నడుస్తోంది, పలకరిస్తే పలుకుతోంది. పలకరించకపోతే మాత్రం గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. నీరసం, అదే తగ్గుతుందన్నారు అందరూ. అతనూ నమ్మాడు, ఫోనులో ఆమెకి ఒక ఫొటో తీసేదాకా. ఎదురుగా కిటికీ, నిండా ఎండ. అయినా ఆమె కళ్లలో చుక్క పడలేదు.

అందుకే ఇప్పుడు అటక మీది సామానంతా దించాడు. ముందు తెల్ల గొడుగు పెట్టాడు. తర్వాత వెండి పూత గొడుగు. అదీ కాదని సాఫ్ట్‌బాక్స్ తగిలించి ముఖానికి మూరెడు దూరంలోకి జరిపాడు.

"ఇటు చూడవే."

"చూస్తున్నానండీ."

చూస్తూనే ఉంది. చర్మం మీద వెలుగు పడుతోంది, ముక్కు మీద పడుతోంది. కళ్లలో మాత్రం చిమ్మచీకటి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు బల్బుని తిట్టాడు, లెన్సుని తిట్టాడు, రెండూ మార్చాడు. లైటుకి నడుమ బుడిపె ఉండే తెల్ల రేకుపళ్లెం తగిలించాడు. దాని వెలుగు బండరాయి మీద కూడా మెరుపు తెప్పిస్తుంది. ఈ కళ్లలో తెప్పించలేదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. తన భార్యని ఇంటికి తెచ్చుకున్నాడో లేదో అతనికి తెలియాలి. అంతకన్నా ఇంకేమీ అక్కర్లేదు.

"నాన్నా, అమ్మ రెప్ప ఎందుకు వెయ్యట్లేదు?"

గుమ్మంలో కూతురు. పదేళ్ల పిల్ల, నిద్రలో కూడా వాగుతుందని ఇంట్లో అందరూ పిచుక అంటారు.

"వేస్తోందిలేమ్మా. నువ్వొకసారి కూర్చో, లైటు సరిగ్గా ఉందో లేదో చూడాలి."

ఎనిమిది మూలల పెట్టె వెలిగించి పిల్లకి ఒక ఫొటో, తల్లికి ఒక ఫొటో తీశాడు. పిల్ల కళ్లలో రెండు నిండు చందమామలు. తల్లి కళ్లలో ఏమీ లేదు. ఇక లైటుని తిట్టడానికి కూడా లేదు.

రెండు ఫొటోలూ కంప్యూటర్లో పక్కపక్కన తెరిచాడు. ఫొటోవాళ్లందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది. ఒక ఫొటోలో చుక్క పడకపోతే ఇంకో ఫొటోలోంచి తెచ్చి అతికిస్తారు. మునిగేవాడికి గడ్డిపోచే ఆసరా. పిల్ల కళ్లలోని చుక్కల చుట్టూ గీత గీసి, కాపీ కొట్టి, తల్లి కళ్లలో అతికించాడు.

"ఏమండీ... ఈ కొంపలో ఫ్యాను లేదా? ఉడికి చస్తున్నాను."

గిరుక్కున తిరిగాడు. భార్య కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. చిరాగ్గా, అచ్చం మునుపటిలాగే. కళ్లలో చుక్కలు మిలమిలలాడుతున్నాయి. అతను ఆమె ఒళ్లో తలపెట్టి భోరుమన్నాడు.

"అయ్యో, ఏమైందండీ?" అంది జుట్టు నిమురుతూ. తర్వాత ఆ చెయ్యి ఆగింది. "పిచుకేంటి... ఇంత చప్పుడు లేకుండా ఉంది?"

పిల్ల లైటు ముందు నిలబడి ఉంది. నేరుగా వెలుగులోకే చూస్తోంది. రెప్ప వెయ్యట్లేదు.

"పిచుకా..."

"ఊఁ."

అంతే. ఇంకో మాట లేదు.

తెరకేసి చూశాడు. పిల్ల ఫొటోలో చుక్కలు లేవు. కళ్లున్నచోట రెండు నల్లటి గుంటలు... ఇందాక తొందరలో పక్క మీట నొక్కేశాడు. కాపీ కాలేదు. కట్ అయింది.

భార్య అతని వెనకే వచ్చి నిలబడింది. తెర చూసింది. పిల్లని చూసింది. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది ఆమెకి.

"మళ్లీ దానికే పెట్టెయ్యండి" అని గొణిగింది.

"మరి... నువ్వు?"

"ఆలోచించకండి. మీకు దణ్ణం పెడతాను... పెట్టెయ్యండి."

అతని వేళ్లు మీటల మీద కొయ్యబారిపోయాయి. ఏ మొగుడూ చెయ్యలేని పని. ఏ తండ్రీ చెయ్యకుండా ఉండలేని పని. చుక్కల్ని మళ్లీ పిల్ల ఫొటోలోకి తెచ్చి, కళ్లు మూసుకుని నొక్కాడు. భుజం మీద ఆమె చెయ్యి ఒక్కసారి బిగిసింది... వదిలేసింది. స్టూలు కిర్రుమంది. ఆమె వెళ్లి గోడకేసి చూస్తూ కూర్చుంది.

లైటు దగ్గర పిల్ల రెప్పలార్పింది.

చుక్కలొచ్చాయి! అతను పరుగున వెళ్లి పిల్లని వాటేసుకున్నాడు. పిల్ల అతని జుట్టు నిమిరింది... నెమ్మదిగా, అలవాటైన చేత్తో. అతని భుజం మీంచి గదంతా వెతికింది.

"ఏమండీ..." అంది పిల్ల, గుసగుసగా. "పాప ఏది?"

అతని చూపు తెర మీదే ఆగిపోయింది. భార్య ఫొటోలో కళ్లు చీకటిగానే ఉన్నాయి. తీసినప్పుడు ఆమె పెదవులు మూసి ఉన్నాయి. అది అతనికి బాగా గుర్తు.

ఇప్పుడవి తెరుచుకుని ఉన్నాయి... 'నాన్నా' అని గట్టిగా అరిచేటప్పుడు తెరుచుకునేటంత.