అడగని తొమ్మిదో ప్రశ్న

ఊళ్లో అరవై దాటిన వాళ్లందరినీ నెలకోసారి ఇంటికెళ్లి చూసిరావడం నర్సు పని. బీపీ చూడాలి, మాత్రలివ్వాలి. మనసెలా ఉందో తెలుసుకోవడానికి తొమ్మిది ప్రశ్నలడిగి కాగితం నింపాలి.

పోయిన నెల ట్రాక్టర్ మెకానిక్ వాళ్ల తాతగారి దగ్గర ఎనిమిదో ప్రశ్న దాకా వచ్చింది. అంతలో మెకానిక్ గ్రీజు చేతులతోనే టీ తెచ్చాడు.

"ఊరంతా మిమ్మల్ని సిస్టర్ అంటోంది. నా వల్ల కాదండీ."

"మరేమంటారు?"

"ఆలోచిస్తున్నా. తొందరేముంది, నెలనెలా వస్తారుగా!"

ఆ నవ్వులోనే తొమ్మిదో ప్రశ్న గడిచిపోయింది. 'బతకాలని లేదనిపిస్తోందా?' అన్నదే ఆ ప్రశ్న. తాతగారిని అడక్కుండానే 'లేదు' అని టిక్కు పెట్టేసింది. ఇంత సరదాగా ఉన్న ఇంట్లో ఆ మాటెలా అడుగుతామని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఈ నెల వెళ్లేసరికి తాతగారు నుదుటికి కట్టుతో మంచం మీదున్నారు. కళ్లు తిరిగి పెరట్లో పడ్డారట. మెకానిక్ తలగడ కింది నుంచి మాత్రల అట్టలు తీసి చూపించాడు. ఒక్కటీ చించలేదు.

"వేసుకున్నావా తాతా అంటే రోజూ 'ఊఁ' అనేవాడు."

ఆడపిల్ల సిగ్గు గురించి కథల్లో చాలా చదివే ఉంటారు. నర్సుకు కలిగింది ఆ సిగ్గు కాదు. కాగితం సంగతి ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే ఉద్యోగమూ, అతని దగ్గర మంచిపేరూ రెండూ భద్రం.

"తప్పు నాదండీ," అంది. "చివరి ప్రశ్న అడగలేదు. మీతో నవ్వుతూ నేనే జవాబు రాసేశాను."

అరుస్తాడనుకుంది. అతను తల దించుకున్నాడు.

"మీరు ఒక్క నెల అడగలేదు. నానమ్మ పోయిన రెండేళ్ల నుంచీ నేనూ అడగలేదు. తాతకి నా జోకులు చాలనుకున్నా."

నర్సు మంచం పక్కన కూర్చుని ఆ తొమ్మిదో ప్రశ్న అడిగింది. తాతగారు గోడవైపు తిరిగారు.

"అనిపిస్తోందమ్మాయ్. వీడికి చెప్పడానికి మొహం చెల్లలేదు."

మెకానిక్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. జోకేమీ తట్టలేదు.

"రేపు పెద్దాసుపత్రికి, మనసు డాక్టరు దగ్గరికి వెళ్దాం తాతగారూ," అంది నర్సు.

"నువ్వూ వస్తావా అమ్మాయ్? అదీ నీ డ్యూటీయేనా?"

"ఇవాళే పైవాళ్లకి జరిగింది రాసిస్తాను. ఉద్యోగం ఉంచుతారో లేదో. ఊడినా వస్తాను."

మెకానిక్ అప్పుడు తలెత్తి ఆమెను చూశాడు. ఆమె అతన్ని చూడలేకపోయింది.

"మాత్ర వేసుకుంటాలే," అన్నారు తాతగారు. "ఎవరైనా మంచినీళ్లు తెండి."

ఇద్దరూ ఒక్కసారే లేచి వంటింటి గుమ్మంలో ఢీకొన్నారు.

"క్షమించండి," అన్నారిద్దరూ, ఎవరూ దారివ్వకుండా.