వెనక గది నిశ్శబ్దం

రాత్రి పదకొండూ పదికి బావ ఆ ఇంటి తాళం తీసి, చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. చెప్పుల చప్పుడు రికార్డులో పడకూడదు.

ఆ ఇంటికి మంచి పేరు లేదు. బావ ఆఫీసు వెనక సందులో అదే చివరిది. ఎవరు అద్దెకు దిగినా నెల తిరక్కుండా సామాను సర్దేసేవారు. రాత్రిపూట వెనక గదిలో ఎవరో సన్నగా ఏడుస్తారని సందులో చెప్పుకునేవారు. విన్నవాళ్లు విన్నామన్నారు, విననివాళ్లు నవ్వారు... నవ్వినవాళ్లు కూడా చీకటి పడ్డాక ఆ గోడ పక్కనుంచి నడిచేవారు కాదు.

ఇదంతా మా చిన్నాన్న కూతురు, నాకు చెల్లెలు, చెప్పగా విన్నది. బావ అంటే ఆమె భర్త. వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో శబ్దాలు చేయడం ఆయన పని.

గేములో దెయ్యాన్ని పుట్టించేది బొమ్మలు గీసేవాళ్లని మనం అనుకుంటాం. బావ ఓసారి ఆఫీసులో సౌండు కట్టేసి ఆడించి చూపించాడట. జుట్టు విరబోసుకున్న బొమ్మ ఎదురొస్తే కుర్రాళ్లు నవ్వారు. ఒకడు చిప్స్ నములుతూనే ఉన్నాడు. సౌండు పెట్టాక, ఆ బొమ్మ ఇంకా రాకముందే వాళ్ల చేతులు ఆగిపోయాయి. కీచురాళ్ల మోత ఉన్నట్టుండి ఆగిపోవడం... మన అడుగు వెనక ఇంకో అడుగు, అరక్షణం ఆలస్యంగా... అంతే. కళ్లు నమ్మకపోయినా చెవులు నమ్మేస్తాయి.

ఈ పనివాళ్లకు ఇంకో అలవాటుంది. ఖాళీ గదుల నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకుంటారు. ఏ గది నిశ్శబ్దం దానిదే. దాన్ని మిగతా శబ్దాల కింద పరిస్తే, ఆడేవాడికి తానా గదిలోనే ఉన్నట్టుంటుంది. తమ ఊపిరి కూడా పడకుండా రికార్డరును గదిలో వదిలి, వీళ్లు బయటికొచ్చేస్తారు. ఆ రాత్రి ఆ ఇంటి వెనక గదిలో బావ అదే చేశాడు. మెట్ల మీద కూర్చుని, కాసేపయ్యాక వెళ్లి తెచ్చుకున్నాడు. విన్నాడు. ఏమీ లేదు. శుభ్రమైన నిశ్శబ్దం.

దాన్ని తీసుకెళ్లి గేములో ఒక చీకటి నడవా కింద పరిచాడు. ఆయన ఉద్యోగం ఆ నడవా మీదే ఉంది. అంతకుముందు వారమే యజమాని చెప్పేశాడు — "ఇందులో ఎవడూ భయపడకపోతే ఇకనుంచి శబ్దాలు బయట రెడీమేడ్‌గా కొనుక్కుంటాను. మరోలా అనుకోకండి."

ఆడి చూసే కుర్రకారును కూర్చోబెట్టారు. ఒక్కరూ నడవా దాటలేదు. ఒకమ్మాయి మధ్యలోనే హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఎవరో ఏడుస్తున్నారు సార్," అంది. "ఆ ఏడుపు ఎలా చేశారు?"

బావ ఒక్క క్షణం ఆగి నవ్వాడు. "అది చెప్పేస్తే నా పొట్ట కొట్టుకున్నట్టే కదమ్మా."

యజమాని ఏమీ వినలేదు, వాళ్ల మొహాలు చూశాడు. బావ భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి బావ ఆ రికార్డు మళ్లీ పెట్టాడు. ఏమీ లేదు. కంప్యూటరు తెర మీద శబ్దాన్ని చూపే గీత మాత్రం వణుకుతోంది — సన్నగా, పైకీ కిందికీ, ఎక్కిళ్లు పెడుతున్నట్టు. వాల్యూమ్ పెంచాడు. ఇంకా పెంచాడు...

గీత ఉంది. శబ్దం లేదు.

అలాంటి గీత ఏమిటో ఆయనకు తెలియక కాదు. అది బాగా సన్నని కూత. వయసు మీదపడ్డ చెవి ముందుగా వదిలేసేది అలాంటి కూతలనే. కానీ ఆ మాట అనుకుంటే తన చెవుల సంగతి ఒప్పుకోవాలి. చెవులు పోయిన సౌండు మనిషిని ఎవరు పెట్టుకుంటారు? దానికన్నా దెయ్యమే నయం అనుకున్నాడు బావ. కొందరికే వినపడే దెయ్యం ఉండకూడదని ఎక్కడుంది?

ఇక రోజూ అదే పని. ఇంట్లో అందరూ పడుకున్నాక చీకట్లో కూర్చుని, వాల్యూమ్ చివరిదాకా పెట్టి, హెడ్‌ఫోన్స్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకుని... ఒక్క ఎక్కిలైనా వినపడకపోతుందా అని.

"ఎవరండీ ఆవిడ?" అంది చెల్లెలు ఓ రాత్రి తలుపు దగ్గర నిలబడి. "నేను ఏడిస్తే టీవీ సౌండు పెంచుకునేవారు. ఆవిడ ఏడుపుకోసం మాత్రం తెల్లవార్లూ కూర్చుంటున్నారు."

బావ నవ్వలేదు.

"నువ్వోసారి నాతో రావాలి," అన్నాడు.

మర్నాడు రాత్రి ఇద్దరూ ఆ ఇంటికి వెళ్లారు. వెనక గదిలో ఓ గోడబీరువా తప్ప ఏమీ లేదు. బావ టార్చి ఆర్పేశాడు. చీకటి... ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు.

చెల్లెలు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వినపడుతోందా?" గుసగుసగా అడిగాడు బావ.

"ఆఁ..."

"ఎలా ఉంది?"

"ఏడుస్తున్నట్టు... ఆగి ఆగి... ఏమండీ, మీకు వినపడట్లేదా?"

"వినపడుతోంది."

ఆయన గొంతులో ఏదో తేడా ఉందనిపించింది ఆమెకు.

"అయితే ఎటునుంచో చెప్పండి."

బావ చెప్పలేదు.

దెయ్యం భయం ఆ క్షణాన పోయిందని చెల్లెలు నాతో అంది. దాని చోట ఇంకో భయం వచ్చి కూర్చుందట. ఆయన చెయ్యి వదిలేసి, చీకట్లోనే ఏడుపు వచ్చే వైపు నడిచింది. బహుశా అంతకుముందు ఎవరూ అటు నడిచి ఉండరు, అందరూ బయటికే పరిగెత్తి ఉంటారు. బీరువా దగ్గరికి వెళ్లేసరికి కూత చెవిలో సూదిలా దిగింది. బీరువా వెనక చెయ్యి పెట్టి తడిమింది...

వేడిగా ఏదో తగిలింది.

గోడ ప్లగ్గులో గుచ్చి ఉన్న చిన్న తెల్ల పెట్టె. తన ఫోను టార్చి వేసి చూస్తే ఎలుకలను తరిమే యంత్రం. ఇంటివాళ్లు ఎప్పుడో పెట్టి మరిచిపోయారు. ఎలుకలు అలవాటు పడకుండా కూత హెచ్చుతూ తగ్గుతూ ఉంటుందని దాని మీదే రాసి ఉంది.

చెల్లెలు దాన్ని పీకేసింది.

"ఆగిపోయిందండీ," అంది. "ఇంతే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు."

బావ గది మధ్యలోనే నిలబడి ఉన్నాడు. పీకకముందు ఎలా ఉందో, పీకాక కూడా ఆయనకు ఆ గది అలాగే ఉంది.

"మళ్లీ పెట్టు," అన్నాడు.

పెట్టింది.

"తియ్యి... మళ్లీ పెట్టు."

ప్రతిసారీ తల ఓ పక్కకు వంచి విన్నాడు. నాలుగోసారికి చెల్లెలు పెట్టెను ప్లగ్గులో పెట్టకుండానే, "పెట్టాను," అంది. బావ తల వంచి అలాగే విన్నాడు. ఆమె టార్చి ఆర్పేసింది, తన మొహం ఆయనకు కనపడకుండా.

కొన్నాళ్లకు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్ష కాగితం మీద సన్నని కూతల చోట గీత ఏనాడో కిందికి జారిపోయి ఉంది. మామూలు మాటలు వినపడే చోట కూడా గీత కుంగింది. అది పాతది కాదు, ఈ మధ్యదే అన్నాడు డాక్టరు. ఈమధ్య చెవులకు పెద్ద శబ్దమేమైనా తగిలిందా అని అడిగాడు.

"లేదండీ," అన్నాడు బావ. "రాత్రుళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. కానీ అందులో ఏమీ లేదు."

డాక్టరు ఆ రికార్డు అడిగి తీసుకున్నాడు. బావ విన్న వాల్యూమ్‌లోనే పెట్టి, హెడ్‌ఫోన్‌కు శబ్దం కొలిచే మీటరు ఆనించాడు. అంకె చూసిన వెంటనే కట్టేశాడు.

"మీకు వినపడలేదు, అంతే. చెవికి తగులుతూనే ఉంది," అన్నాడు.

ఆ మాట చెల్లెలు బావ వైపు తిరిగి గట్టిగా మళ్లీ చెప్పాల్సి వచ్చింది.