ఎడమ స్పీకర్ తక్కువుందండి

ఆగండాగండి! చేతిలో ఫోన్ కాస్త పక్కన పెట్టి ఇది వినండి. మొన్న వానలు మొదలైన వారంలోనే తణుకులో జరిగింది. సగంలో లేచి వెళ్ళిపోతే మాత్రం ఊరుకోను.

దుర్గాశ్రీ ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులో బీరువా అంత పొడుగు నల్ల బాక్సులు రెండు. వాటి మీద ఎర్రటి అక్షరాలతో ‘పెద్దింట్లమ్మ సౌండ్స్, మొగల్తూరు’. పక్కన తాడు పట్టుకుని యుగంధర్.

“ఏంటండి ఇవి?”

“స్పీకర్లండి. మీరేగా ఫోన్ చేశారు?”

“నేనడిగింది ఇంట్లో డిజిటల్ పియానోకండి. ఊరేగింపుకి కాదు!”

“ఒక్కసారి వినండి మేడమ్. నచ్చకపోతే పట్టుకెళ్ళిపోతాను.”

విన్నారు. ఆమె పియానో మీద నొక్కింది ఒకే ఒక్క మెట్టు. కిటికీ అద్దాలు గజగజలాడాయి. వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదాని వెనక ఒకటి కింద పడ్డాయి. వాళ్ళమ్మ సత్యవాణి గారు గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చారు.

“ఏమే, జాతర మనింట్లోనా ఈసారి?”

యుగంధర్ గబగబా వైర్లు పీకేశాడు. అతనికి తెలిసిన సౌండ్ అంతా రోడ్డు మీదిదే. వీధి చివరున్న మనిషి గుండె అదిరితే అది మంచి స్పీకర్. ఇంట్లో స్పీకరంటే ఏంటో అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

“పియానోకి స్పీకర్లు కింద వైపున్నాయండి,” దుర్గాశ్రీ చెప్పింది. “వాయిస్తే నా మోకాళ్ళకి తప్ప ఎవరికీ వినిపించట్లేదు. వచ్చే ఆదివారం నా దగ్గర నేర్చుకునే పిల్లలు పన్నెండు మంది వాళ్ళ అమ్మానాన్నల ముందు మొదటిసారి వాయిస్తున్నారు. మీకు చేతకాదంటే చెప్పేయండి, వేరే వాళ్ళని అడుగుతాను.”

అంత కోపంలోనూ ఆ ‘అండి’ వదల్లేదు చూశారా! అక్కడే మనవాడు పడిపోయాడు.

“రేపు చిన్నవి మూడు జతలు తెస్తానండి,” అన్నాడు.

ఇప్పుడో రహస్యం. మీకొక్కళ్ళకే చెప్తున్నాను. యుగంధర్ ఎడమ చెవి సరిగ్గా పనిచేయదు. టెన్త్ క్లాస్ నుంచీ ఊరేగింపు ట్రాక్టర్ల మీద ఎడమ పక్కన బాక్స్ పెట్టుకునే పెరిగాడు. ఈ సంగతి వాళ్ళ నాన్నక్కూడా తెలీదు. సౌండ్ వాడికి చెవి పోయిందంటే ఇంకెవరు పిలుస్తారు? మరీ ముఖ్యంగా, ఈ అమ్మాయి పిలుస్తుందా?

మర్నాడు వాన. తడవకుండా తన చొక్కా విప్పి కప్పి మరీ తెచ్చాడు స్పీకర్లని. ఒంటి మీద ఒట్టి బనీను చూసి సత్యవాణి గారు తువ్వాలు ఇచ్చి, నవ్వాపుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

మొదటి జత పెట్టారు. దుర్గాశ్రీ వాయిస్తోంది. అతను పియానో కుడి చివర నిలబడ్డాడు. అంటే ఆమె అతనికి ఎడమ పక్కన!

“ఎలా ఉందండి?”

జవాబు లేదు.

“మిమ్మల్నేనండీ!”

ఊహూఁ. కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

ఆమె టక్కున ఆపేసింది. “కస్టమరంటే అంత లెక్కలేదా మీకు?”

“అయ్యో, అదేం కాదండి! ఆలోచిస్తున్నాను. ఎడమ స్పీకర్ కొంచెం తక్కువుందండి.”

రెండో జత. “ఇదీ ఎడమది తక్కువేనండి.” మూడో జత. “దీనికీ అంతేనండి. కంపెనీలన్నీ ఎడమదాన్ని చిన్నచూపు చూస్తున్నాయండి.”

దుర్గాశ్రీ స్పీకర్లు రెండూ అటుదిటు, ఇటుదటు మార్చింది. మళ్ళీ వాయించింది.

“ఎడమదే తక్కువండి,” అన్నాడు పాపం.

ఆమె లేచి అతని ఎడమ చెవి దగ్గర చిటికె వేసింది. అతను కదల్లేదు. కుడి చెవి దగ్గర వేసింది. ఉలిక్కిపడ్డాడు.

దొరికిపోయాడు. మొహం కందగడ్డలా అయిపోయింది. ట్రాక్టర్లు, జాతరలు, అన్నీ చెప్పేశాడు. చెప్పి, వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

“ఎవరికీ చెప్పకండి. మీకు మంచి షాపు నంబరిస్తానండి.”

“చుట్టకండి. కూర్చోండి,” అంది దుర్గాశ్రీ. గొంతులో కోపం లేదు. “డాక్టర్‌కి చూపించారా?”

“లేదండి.”

“సోమవారం చూపిస్తున్నారు. ఇప్పుడు ఆ కుడి చెవి ఇటు పెట్టండి. ఒక్కో స్పీకరే ఆన్ చేస్తాను. మీరు దాని సంగతి చెప్పండి. జంటగా ఎలా ఉన్నాయో నేను వింటాను.”

అతను కళ్ళు మూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి చిన్న శబ్దం కోసం చెవి రిక్కించాడు. అన్నీ విన్నాక, “మూడో జతండి,” అన్నాడు.

“ఎందుకు?”

“మిగతావి మీరు వేలు తియ్యగానే ఊరుకుంటున్నాయండి. ఇది మాత్రం కాసేపు ఉండి, మెల్లగా వెళ్తోంది. వెళ్ళలేక వెళ్తున్నట్టు.”

ఆ మాటకి ఆమె తలెత్తి చూసింది. ఆ చూపు అతనికి రెండు చెవుల్లోనూ వినిపించింది!

తర్వాత అతను సైకిల్ ట్యూబ్ ముక్కలు కోసి స్పీకర్ల కింద పెట్టాడు, స్టాండు అదరకుండా. వాటిని ఆమె చెవుల ఎత్తుకి లేపి, ఆమె వైపు తిప్పాడు. ఈసారి ఒక్క గ్లాసు కూడా కదల్లేదు.

ఆదివారం వచ్చింది. ఇంట్లో హాలు నిండిపోయింది. యుగంధర్ గుమ్మం పక్కన వైర్లు చూస్తున్నట్టు నటిస్తున్నాడు. పన్నెండు మంది పిల్లలూ వాయించేశారు. వెనక కూర్చున్న ఓ తాతగారికి కూడా ప్రతి స్వరం వినిపించింది. చప్పట్లే చప్పట్లు.

ఆ చప్పట్లలో దుర్గాశ్రీ తిన్నగా అతని దగ్గరికి నడిచొచ్చింది. ఎడమ పక్కకి. కావాలనే! ఆ చెవిలో ఏదో చెప్పింది. నాలుగైదు మాటలు. అతనికి ఒక్కటీ వినిపించలేదు.

“ఏంటండి?” అన్నాడు కంగారుగా.

“వినాలంటే కుడి చెవి తెచ్చుకోండి,” అని నవ్వి వెళ్ళి పియానో ముందు కూర్చుంది, ఆఖరి పాట తను వాయించడానికి.

ఆ పియానో బెంచీ ఇద్దరు పట్టేది. ఆమె మధ్యలో కూర్చోలేదు, కుడి చివరికి జరిగి కూర్చుంది. ఎడమ సగం ఖాళీ. అక్కడ కూర్చుంటే అతని కుడి చెవి సరిగ్గా ఆమె పక్కకే వస్తుంది.

పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, గరిటె పక్కన పెట్టి మరీ వచ్చిన సత్యవాణి గారు, అందరూ ఆ ఖాళీనే చూస్తున్నారు. ఆమె వేళ్ళు మెట్ల మీద ఆగి ఉన్నాయి. యుగంధర్ చేతిలో వైరు జారిపోయింది.

చెప్పండి, మీరైతే అంతమంది ముందు వెళ్ళి కూర్చుంటారా, కూర్చోరా?