ఇంటిపేరు లేని ఇరవై ముగ్గురు

"నాలుగు గంటలా? మీకేమైనా పిచ్చా?"

ఒకరికొకరు నమస్కారమైనా చెప్పుకోకముందే వాళ్లిద్దరి మధ్య నడిచిన మొదటి మాట అది. అన్నది ఆస్పత్రి రికార్డుల ఆఫీసరు. అనిపించుకున్నది సర్వర్ల కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి.

పెద్ద డాక్టరు దగ్గర్నుంచి లిఫ్టు నడిపే మనిషి దాకా, ఆస్పత్రిలోని తొమ్మిది వందల మంది పేర్లూ పాస్‌వర్డులూ ఒక డైరెక్టరీ సర్వర్‌లో ఉంటాయి. ఎవరు కంప్యూటరు తెరిచినా 'ఈ మనిషి మన మనిషే' అని అది తలూపాలి. ఆ సాఫ్ట్‌వేర్ బాగా పాతబడిపోయింది. కొత్త వెర్షన్ ఎక్కించడానికి ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా దాన్ని ఆపాలని ఆమె అడిగింది.

"కంగారు పడకండి. ఇలాంటివి ఇరవై చేశాను."

"మాది ఇరవై ఒకటోది కదండీ, అదే నా కంగారు."

శనివారం సాయంత్రానికల్లా అతను రోగులందరి మందుల వివరాలూ ప్రింటు తీయించి వార్డుకొక కట్ట సిద్ధం చేశాడు. ఆ కట్టలు చూసి ఆమె బుగ్గలు నొక్కుకుంది.

"నా మీద ఎంత నమ్మకమండీ!"

"నమ్మకం మీ మీదా ఉంది. కాగితం మీద ఇంకాస్త ఎక్కువుంది."

ఆమె పకపకా నవ్వేసింది. అతనికి ఒళ్లు మండింది. మండినా, ఇంటికెళ్లేదాకా ఆ నవ్వు చెవుల్లో వదల్లేదు.

ఆదివారం చల్లటి సర్వర్ గదిలో తొమ్మిదిన్నర దాకా అంతా సవ్యంగానే సాగింది. పాత వివరాలన్నీ కొత్త వెర్షన్‌లోకి పంపుతుండగా తెర మీద ఎర్రటి వరసలు వచ్చిపడ్డాయి.

"ఇరవై ముగ్గురిని లోపలికి రానివ్వనంటోంది," అందామె.

"ఏం పాపం చేశారట?"

"ఇంటిపేరు రాయలేదట. పాత వెర్షన్ చూసీ చూడనట్టు వదిలేసింది. కొత్తదానికి పట్టింపులెక్కువ."

"పెళ్లిళ్ల పేరయ్యలా ఇంటిపేర్లు అడుగుతోందన్నమాట."

ఈసారి ఆమె నవ్వలేదు. "వాళ్లను పక్కనపెట్టి మిగతావాళ్లకి తెరవొచ్చు..."

"అందులో పదకొండు మంది ఇవాళ డ్యూటీలో ఉన్న నర్సులు."

ఆమె మొహం వాడిపోయింది. "కొన్ని పేర్లతోనే పరీక్షించి చూశాను. మొత్తం చూడాల్సింది. తప్పు నాదే."

దెప్పడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదని అతనికి తెలుసు. కానీ నోరు రాలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని ఫోనందుకున్నాడు.

"నేను ఒక్కొక్కళ్లనీ అడుగుతాను. మీరు టైపు చేయండి."

మధ్యలో హెడ్ నర్సు ఫోన్ చేసింది. ఆవిడ అతని సొంత అక్క. "ఒరేయ్, నీ కాగితాలు చూసే మందులిస్తున్నాం. ఇక్కడ ఇబ్బందేం లేదు. ఆ పిల్లని కంగారు పెట్టకు."

పదిహేనో ఫోను, వార్డులో పనిచేసే ముసలాయనకి. "ఇంటిపేరా? ఎందుకు బాబూ, నాకేమైనా సంబంధం చూశావా?"

ఆమె ఫక్కుమంది. ఆ నవ్వు చూస్తూ అతను తర్వాత చేయాల్సిన నంబరు మర్చిపోయాడు.

పదకొండున్నరకి ఆమె టైపు చేయడం ఆపింది. "ఇంకొక్కరే మిగిలారు. రికార్డుల ఆఫీసరుట."

అతను దగ్గాడు. "అంటే... చేరిన రోజు హడావిడిలో..."

"అందరి రికార్డులూ చూసే మనిషి రికార్డు ఇదన్నమాట! చెప్పండి."

చెప్పాడు. ఆమె టైపు చేసి, మెల్లగా ఒకసారి పైకే చదువుకుంది. "వినడానికి బాగానే ఉంది."

"అంటే?"

"స్పెల్లింగు చూసుకుంటున్నానండీ," అందామె తెర మీంచి కళ్లు తిప్పకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పావుగంటలో తొమ్మిది వందల మందీ లోపలికొచ్చారు. వార్డుల నుంచి వరసగా ఫోన్లు: తెరుచుకుంది, తెరుచుకుంది. అతను కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అనుకున్నాడు.

"మీరు కాగితాలు తీయించకపోతే ఇవాళ నా పరువు పోయేది. నిన్న నవ్వినందుకు ఏమనుకోకండి."

"నవ్వడం మాత్రం మానకండి," అనేశాడతను. అన్నాక ఎటు చూడాలో తెలియక బల్ల మీది పెన్నులు సర్దసాగాడు.

ఆమె కేబుళ్లు చుట్టి సంచిలో పెట్టుకుంటోంది.

"దీనికి తోడుగా ఉన్న రెండో సర్వర్ పని వచ్చే ఆదివారం కదా?" అడిగాడు.

"అవును. అది మా ఆఫీసులో కూర్చునే చేసేయొచ్చు."

"అయితే మీరు రానక్కర్లేదు." గొంతులోని దిగులు అతనికే వినిపించింది.

"సర్వర్ కోసమైతే అక్కర్లేదు."

అతను పెన్నులు వదిలేశాడు. "నాకోసం వస్తారా? మీరు నాకు నచ్చారు. పొద్దుట్నుంచి కాదు, నిన్న నవ్వినప్పట్నుంచి."

ఆమె జవాబిచ్చేలోగా గుమ్మంలో గాజుల చప్పుడు. మూడు కాఫీలు పట్టుకుని అక్క నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో ఆవిడకే తెలియాలి.

"రామ్మా, తప్పకుండా రా. వీడు ఒక ఆడపిల్లతో ఇంత పొడుగు మాట మాట్లాడటం ఇదే మొదలు. వీడి డ్యూటీ సంగతి నేను చూసుకుంటాను. ఈ చలిగదిలో కాకుండా ఇంకెక్కడైనా కూర్చుని మాట్లాడుకోండి."

"అలాగే వదినా," అనేసి ఆమె చటుక్కున నాలుక కరుచుకుంది.